ఆదివారం చేసుకున్న తీర్మానం మంగళవారానికి ఎందుకు నిలవదు?

ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపులో కౌంటర్ చూస్తాడు, పటమటలో రూము. బాప్తిస్మం తీసుకున్నాడు, యూత్ మీటింగులకు వెళ్తాడు. కానీ రాత్రిళ్లు ఫోన్‌లో చూడకూడనివి చూస్తున్నాడు. ఐపీఎల్ వచ్చిందంటే బెట్టింగ్. షాపులో బిల్లు లేకుండా క్యాష్ చేతికి వస్తే యాభయ్యో వందో జేబులోకి వెళ్తోంది. "ఆదివారం ఏడ్చి తీర్మానం చేసుకుంటాను, మంగళవారానికి మళ్లీ అదే. ఏ బైబిల్ వాక్యం చదివితే ఇది పోతుంది? అసలు నా విశ్వాసం నిజమైనదేనా? ప్రభువు బల్లకు కూడా వెళ్లడం మానేశాను" అన్నాడు. ప్రభువు బల్ల అంటే చర్చిలో యేసును తలచుకుని రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం.

బాబూ, నీకంటే పెద్ద పిల్లలున్నవాణ్ణి, నువ్వు అంటున్నందుకు ఏమీ అనుకోకు. మాది గుంటూరు. బ్యాంకులో క్యాషియర్‌గా చేరి ఆఫీసర్‌గా రిటైరయ్యాను. మా చర్చిలో శనివారం సాయంత్రాలు కుర్రాళ్లతో బైబిల్ స్టడీ చాలా ఏళ్లుగా నేనే చూస్తున్నాను. పాస్టరుని కాను, సంఘ పెద్దని. నువ్వు చెప్పిన మూడూ ఆ కుర్రాళ్ల నోట ఎన్నోసార్లు విన్నవే.

ముందు సూటిగా సమాధానం చెప్తాను. ఈ మూడింటినీ ఒక్క దెబ్బతో పోగొట్టే వాక్యం ఏదీ లేదు. వాక్యం పని చేస్తుంది, అందులో అనుమానం లేదు. నువ్వు దాన్ని తీసే వేళే తప్పు. రాత్రి పదకొండున్నరకు లైటు ఆర్పి, ఫోన్ చేతిలో పెట్టుకుని, మనసు సగం అటు వెళ్లిపోయాక "ప్రభువా కాపాడు" అంటున్నావు. ఆ పోరాటం తొమ్మిదింటికే జరగాలి, ఏ కోరికా లేవనప్పుడు, బుర్ర చల్లగా ఉన్నప్పుడు. ఇక విశ్వాసం నిజమా కాదా అంటావా, శోధన, అంటే పాపం వైపు లాగే ఆశ, రావడం పాపం కాదు. యేసు ప్రభువు కూడా "సమస్త విషయములలోను మనవలెనే శోధింపబడినను, ఆయన పాపము లేనివాడుగా ఉండెను" అని హెబ్రీ పత్రిక నాలుగో అధ్యాయం చెప్తోంది. విశ్వాసం లేనివాడికి ఈ బాధే ఉండదు, హాయిగా నిద్రపోతాడు.

గుంటూరు వాళ్లకు లూథరన్ వాసన కొంచెం ఎక్కువ. 1842లో అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ ఉన్నదే. సంఘంలో పూర్తి సభ్యత్వానికి ముందు జరిగే కన్ఫర్మేషన్ క్లాసుల్లో, జర్మనీ సంస్కర్త లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం మా చేత బట్టీ పట్టించేవారు. అందులో, యేసు నేర్పిన ప్రభువు ప్రార్థనలోని "మమ్మును శోధనలోకి తేక" అనే మనవికి ఇచ్చిన వివరణ నాకు ఇప్పటికీ ఉపయోగపడుతోంది. దేవుడు ఎవరినీ పాపానికి శోధించడు, అయితే సాతాను, లోకం, మన శరీరం మనల్ని మోసం చేయకుండా కాపాడమని అడుగుతున్నాం అని దాని భావం. అంటే ఈ ప్రార్థన పడిపోయాక చేసేది కాదు. అనుదినాహారం అడిగిన నోటితోనే, అదే ప్రార్థనలో, రోజూ ముందుగా అడగాల్సింది. నీ శోధన రాత్రిదైనా దాని గురించిన ప్రార్థన పొద్దున్నే అయిపోవాలి. నేను కుర్రాళ్లకు మొట్టమొదట చెప్పేది ఇదే. "ఈ రోజు రాత్రి ఫోన్ విషయంలో, ఈ రోజు కౌంటర్ దగ్గర" అని పేరు పెట్టి అడగాలి. "నన్ను పవిత్రుణ్ణి చెయ్యి" అని గాల్లో వదిలేస్తే అది మన రోజును ఎక్కడా తాకదు.

మొదటి కొరింథీ పత్రిక 10:13 మన ఇళ్లలో గోడ క్యాలెండర్ల మీద కూడా ఉంటుంది. "మీరు సహింపగలిగినంతకంటె ఎక్కువగా ఆయన మిమ్మును శోధింపబడనియ్యడు" అనే దాకా అందరికీ నోటికి వచ్చు. అక్కడే ఆపేస్తాం. తర్వాత ఉన్నది చదువు, "సహింపగలుగుటకు ఆయన శోధనతో కూడ తప్పించుకొను మార్గమును కలుగజేయును". మార్గం ఉందన్నాడు, అది ఎక్కడుందో వెతుక్కోవాల్సింది మనం. నా అనుభవంలో ఆ మార్గం దాదాపు ఎప్పుడూ నువ్వు అనుకున్నదాని కంటే ముందే ఉంటుంది, చాలాసార్లు అది చూడ్డానికి చాలా చిన్న పనిలా ఉంటుంది. ఫోన్ హాల్లో పెట్టడం. వేరే దారిలో ఇంటికి రావడం. సొరుగు తాళం ఇంకొకరికి ఇవ్వడం. దేవుడు చూపించే మార్గం ఇంత మామూలుగా ఉంటుందా అని మనం దాన్ని లెక్కచేయం.

దావీదు రాజు సంగతి చూడు. పరాయివాడి భార్య బత్షెబ విషయంలో ఆయన మిద్దె మీద నుంచి చూసినప్పుడు పడిపోయాడని అనుకుంటాం. రెండవ సమూయేలు 11వ అధ్యాయం మొదటి వచనం ఇంకా వెనక్కి వెళ్లి మొదలుపెడుతుంది. రాజులు యుద్ధానికి బయలుదేరే కాలంలో సేనాధిపతి యోవాబును పంపి, దావీదు యెరూషలేములో ఉండిపోయాడు. చేయాల్సిన పని వదిలేసి ఖాళీగా ఉన్నాడు, సాయంత్రం పడక మీద నుంచి లేచి మిద్దె ఎక్కాడు. తర్వాత జరిగింది అందరికీ తెలుసు. అదే యోసేపును చూడు. యజమాని పోతీఫరు భార్య తనతో పడుకోమని రోజూ అడుగుతున్నా ఆమె మాట వినలేదు, ఆమెతో ఉండటానికి కూడా ఒప్పుకోలేదని ఆదికాండము 39:10లో ఉంది. చివరి రోజు అంగీ వదిలేసి పరుగెత్తాడని మనం గొప్పగా చెప్పుకుంటాం గానీ, ఆ పరుగుకు ముందు చాలా రోజులుగా దూరం జరుగుతూ వచ్చాడని చెప్పుకోం. అలవాటు ఉన్నవాడే ఆ రోజు పరుగెత్తగలిగాడు.

ఇప్పుడు నీ మూడు సంగతులు.

ఫోన్. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లలో ఎక్కువమందిది ఇదే బాధ, అందరూ దీన్ని చివర్లో గొణుగుతూ చెప్తారు. ఛార్జర్ మంచం పక్క నుంచి తీసెయ్. రూమ్మేట్ ఉంటే రాత్రి పదికల్లా ఇద్దరి ఫోన్లూ వంటగది ప్లగ్గు దగ్గర పెట్టాలని మాట్లాడుకోండి. "అలారం కోసం ఫోన్ కావాలి" అంటారు అందరూ. గవర్నర్‌పేటలోనో బీసెంట్ రోడ్డులోనో ఒక అలారం గడియారం కొనుక్కో, పెద్ద ఖర్చేమీ కాదు. ఇంకో సంగతి, కొందరికి నచ్చదు. రాత్రి పూట ఫోన్‌లో బైబిల్ చదవొద్దు. కీర్తనలు చదువుదామని తెరుస్తావు, పైన ఒక నోటిఫికేషన్ వస్తుంది, వేలు దాని మీదకు పోతుంది, పావుగంటకి ఎక్కడ తేలతావో నీకే తెలియదు. అచ్చు పుస్తకం పెట్టుకో. బైబిల్ యాప్ మంచిదే, పగలు బస్సులో చదువుకో. ఈ విషయంలో వాక్యం కావాలంటే యోబు 31:1, "నేను నా కన్నులతో నిబంధన చేసికొంటిని". నిబంధన అంటే ముందే కుదుర్చుకునే ఒప్పందం. ఎదుట బొమ్మ కనిపించాక కుదిరేది కాదు.

ఇంతా చేసి ఆ కోరిక ఎందుకు వస్తోందో కూడా చూసుకో. మా దగ్గర ఒక కుర్రాడు, మిర్చి యార్డులో కమీషన్ కొట్టులో గుమాస్తా, సీజన్‌లో తెల్లవారుజామునే లేచి వెళ్లి రాత్రి దాకా నిలబడి పని చేసేవాడు. ఆ రోజుల్లోనే ఎక్కువ పడిపోయేవాడు. దానికి విరుగుడని శుక్రవారాలు ఉపవాసం మొదలుపెట్టాడు. శుక్రవారం రాత్రే మరీ ఘోరంగా ఉంటోందని వచ్చి చెప్పాడు. ఉండదా మరి? ఒళ్లు హూనమై, కడుపు ఖాళీగా, ఒంటరిగా గదికి చేరుతున్నాడు. సాతాను యేసు దగ్గరికి వచ్చింది నలభై దినాల ఉపవాసం తర్వాత ఆకలిగొన్నప్పుడే కదా. మొదటి రాజులు 19లో ప్రవక్త ఏలీయా బదరీ చెట్టు కింద పడి చచ్చిపోతానంటే దేవుడు ముందు గద్దించలేదు. దూతను పంపి రొట్టె, నీళ్లు పెట్టించాడు, నిద్రపోనిచ్చాడు, మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. మాట్లాడటం ఆ తర్వాత. ఆ కుర్రాడికి సీజన్ అయ్యేదాకా ఉపవాసం ఆపి, రాత్రి వేళకు తిని పడుకోమన్నాను. ఉపవాసం తప్పని కాదు, అలసిన శరీరాన్ని ఇంకా అలగొట్టి పరిశుద్ధత రాబట్టాలనుకోవడం తప్పు. మన సంఘాల్లో ఈ మాట గట్టిగా అనేవాళ్లు తక్కువ.

బెట్టింగ్. ఇది మిగతా రెండింటి లాంటిది కాదు, ఇంటిల్లిపాదినీ ముంచుతుంది. చట్టం సంగతి కూడా తెలుసుకో. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అయినా గ్రూపుల్లో లింకులు వస్తూనే ఉంటాయి, ఆ గ్రూపుల నుంచి ఈ పూటే బయటికి వచ్చెయ్. మ్యాచ్ చూడటం పాపం కాదు. కానీ నీ వరకూ రాత్రి ఏడున్నర మ్యాచ్ అంటే బెట్టింగే అయినప్పుడు, ఈ సీజన్ వరకూ ఆ వేళకు ఇంకెక్కడైనా ఉండు, స్కోరు పొద్దున పేపర్లో చూసుకో. యూపీఐలో మామూలుగా రోజుకు లక్ష దాకా పంపొచ్చు. ఆ పరిమితిని తగ్గించుకునే వీలు చాలా బ్యాంకుల యాప్‌లలో ఉంటుంది, దొరక్కపోతే బ్రాంచికి వెళ్లి అడుగు. జీతం పడే ఖాతాకి యూపీఐ తీసేసి, ఖర్చులకు వేరే చిన్న ఖాతా పెట్టుకుంటే ఇంకా మంచిది. ఇవన్నీ లౌకికమైన ఏర్పాట్లని కొందరు తీసిపారేస్తారు. రోమా 13:14 ఏమంటుంది? "శరీరేచ్ఛలను నెరవేర్చుకొనుటకు శరీరము విషయమై ఆలోచన చేసికొనకుడి". పాపానికి ముందుగా ఏర్పాటు చేసిపెట్టవద్దని. ఫోన్‌లో ఆ యాప్, దాని వెనక లక్ష లిమిట్, ఇవి ఏర్పాట్లు కాకపోతే మరేమిటి?

పోయిన డబ్బు రాబట్టుకోవాలనే ఆశే ఇందులో అసలు ఉరి. "ధనవంతులగుటకు అపేక్షించువారు శోధనలోను, ఉరిలోను" పడతారని పౌలు తిమోతికి రాసింది అందుకే. పోయింది పోయిందనుకో. అప్పు తీర్చడానికి ఇంకో పందెం కాయొద్దు, లోన్ యాప్ జోలికి అసలు పోవద్దు. అప్పులుంటే ఎవరెవరికి ఎంతో ఒక కాగితం మీద రాయి. ఇంట్లో ఒకరికి, నాన్నకో అన్నయ్యకో, ఆ కాగితం చూపించు. తిడతారు. తిట్టనీ.

కౌంటర్ దగ్గర డబ్బు. ఇది నా రంగం. బ్యాంకులో స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలుంటాయి, రెండు చెవులూ ఒకే మనిషి దగ్గర ఉండవు. నేను ఎంత నిజాయితీపరుణ్ణైనా ఒక్కణ్ణే తెరవలేను. కొత్తగా చేరినప్పుడు కొందరికి ఇది అవమానంలా అనిపిస్తుంది, కొన్నాళ్లకు తెలుస్తుంది అది మనకే రక్షణ అని. నీకూ రెండో తాళం కావాలి. రోజూ షాపు మూసేటప్పుడు బిల్లు లేని క్యాష్ కూడా ఒక పుస్తకంలో రాసి, ఓనరుకో అకౌంట్లు చూసేవాళ్లకో సంతకానికి ఇవ్వడం మొదలుపెట్టు. "పనిలో పద్ధతి కోసం" అని చెప్తే చాలు, ఎవరూ అనుమానించరు, పైగా మెచ్చుకుంటారు. ఇంతకాలం తీసింది ఎంతో నీకు ఉజ్జాయింపుగా తెలిసే ఉంటుంది. పన్నులు వసూలు చేసే జక్కయ్య, యేసును కలిశాక, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. నువ్వు కనీసం అసలైనా గల్లాపెట్టెలో తిరిగి వెయ్యి, నెలకు కొంచెం చొప్పున అయినా సరే. ఓనరుకు నోటితో చెప్పాలా అంటే, చెప్పాలనే నేనంటాను, కానీ తిరిగి కట్టడం మొదలుపెట్టాక, పాస్టరు గారిని ఒకసారి అడిగి. ఎఫెసీ 4:28 దొంగతనం మానమని చెప్పి ఊరుకోదు, కష్టపడి అక్కర గలవాడికి పంచిపెట్టమంటుంది. తీసిన చేతికి ఇవ్వడం నేర్పాలి. ఖాళీగా వదిలిన ఇంటికి, వదిలిపోయిన దయ్యం ఇంకో ఏడుగురితో తిరిగొస్తుందని మత్తయి 12లో ప్రభువు చెప్పాడు కదా. మానెయ్యడం సగం పనే, ఆ జాగాలో ఇంకొకటి పెట్టాలి. నీ ఆదివారం తీర్మానాల్లో నాకు కనిపిస్తున్న లోటు అదే. అన్నీ "ఇక చెయ్యను" అనేవే, "దాని బదులు ఇది చేస్తాను" అన్నది ఒక్కటీ లేదు.

వాక్యం ఎలా వాడాలో ఇప్పుడు చెప్తాను. అరణ్యంలో సాతాను శోధించినప్పుడు ప్రభువు మూడుసార్లు "అని వ్రాయబడియున్నది" అన్నాడు, ఆ మూడూ ద్వితీయోపదేశకాండములోవే, 8వ అధ్యాయం నుంచి ఒకటి, 6వ అధ్యాయం నుంచి రెండు. ఏ శోధనకు ఏది సరిపోతుందో అదే తీశాడు. రొట్టె గురించిన శోధనకు రొట్టె గురించిన వాక్యమే. అవి అప్పటికప్పుడు వెతికినవి కావు, లోపల ఉన్నవి. "నీ యెదుట నేను పాపము చేయకుండునట్లు నా హృదయములో నీ వాక్యము ఉంచుకొనియున్నాను" అని 119వ కీర్తన చెప్పేది కూడా ముందుగా ఉంచుకోవడం గురించే. నీకున్న మూడింటికి మూడు వచనాలు చాలు. చేత్తో కాగితం మీద రాసుకో, పొద్దున పైకి చదువు, కౌంటర్‌కి లూకా 16:10 పెట్టుకో, కొంచెంలో నమ్మకంగా ఉండేవాడు ఎక్కువలోనూ నమ్మకంగా ఉంటాడని చెప్పేది. వాక్యం చదవగానే కోరిక ఆవిరైపోవాలని మాత్రం ఎదురుచూడకు. చాలాసార్లు పోదు. వాక్యం చెప్పుకుని, లేచి ఆ చోటు నుంచి బయటికి నడువు. రెండూ కలిసే పని చేస్తాయి.

ఒక హెచ్చరిక. సాతాను కూడా అక్కడ వాక్యమే చెప్పాడు, 91వ కీర్తన నుంచి. "దేవుడు కృప గలవాడు, రేపు ఒప్పుకుంటే క్షమిస్తాడులే" అని రాత్రి పదకొండింటికి నీకు గుర్తొచ్చే వాక్యం ఎవరు గుర్తుచేస్తున్నారో ఆలోచించు. అదే మాట పడిపోయాక గుర్తొస్తే మాత్రం గట్టిగా పట్టుకో. అప్పుడు "మన పాపములను మనము ఒప్పుకొనినయెడల" ఆయన క్షమిస్తాడని మొదటి యోహాను 1:9లో ఉన్నది నీ కోసమే. పడిన తర్వాత "ఎలాగూ చెడిపోయాను, ఈ వారమంతా ఇంతే" అనుకోవడం రెండో ఉచ్చు, మొదటిదాని కంటే లోతైనది. యేసును బంధించిన రాత్రి ఆయన్ను ఎరుగనన్న పేతురూ పడ్డాడు, ఆయన్ను పట్టించిన యూదా కూడా పడ్డాడు. పేతురు ఏడ్చి, తిరిగి శిష్యుల మధ్యకే వచ్చాడు.

ఒక మనిషికైనా చెప్పు. యాకోబు 5:16 ఒకరితో ఒకరు ఒప్పుకొమ్మంటుంది, సంఘమంతటి ముందు మైకు పట్టుకొమ్మని కాదు. సాక్ష్యం చెప్పమని ఎవరైనా తొందరపెడితే ఒప్పుకోకు. వాట్సాప్ గ్రూపులో ప్రార్థన మనవిగా అసలు పెట్టకు. నీకంటే వయసులో పెద్దవాడు, నోరు జారని మగమనిషి ఒకరు ఉంటే చాలు, వారానికి ఒకసారి "ఈ వారం ఎలా ఉంది?" అని అడిగే చనువు అతనికివ్వు.

ప్రార్థించి నూనె రాస్తే ఒక్క రాత్రిలో వదిలిపోతుందని చెప్పేవాళ్లు మన రెండు ఊళ్లలోనూ ఉన్నారు. దేవుడు తలచుకుంటే ఒక్క రాత్రిలో చేయగలడు, నేను కాదనను. నేను చూసినవాళ్లలో మాత్రం ఎక్కువమంది నెమ్మదిగా, పడుతూ లేస్తూ బయటికి వచ్చారు. అలాగే నిద్ర పట్టక, పని మీద మనసు నిలవక, బతకాలనిపించని స్థితి ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లడం అవిశ్వాసం కాదు. ప్రభుత్వం వారి టెలిమానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బేమీ కట్టక్కర్లేదు. బెట్టింగ్ అలవాటు ముదిరితే అదీ వైద్యం అవసరమైన జబ్బే.

చివరగా బల్ల సంగతి. "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను, ఆలాగుచేసి ఆ రొట్టెను తిని" అని మొదటి కొరింథీ 11:28లో ఉంది. పరీక్షించుకుని దూరంగా ఉండమనలేదు, పరీక్షించుకుని తినమన్నాడు. పాపాన్ని వదలనని మొండికేసినవాడి సంగతి వేరు. నువ్వు వదిలించుకోవాలని కొట్టుకుంటున్నావు, బల్ల అలాంటివాళ్ల కోసమే. కాబట్టి వచ్చే నెల ఎగ్గొట్టకు, కానీ ముందు మీ పాస్టరు గారిని కలువు. ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ఆయనకు చేయి కలిపేవాళ్లే బోలెడుమంది, అక్కడ ఈ మాటలు కుదరవు. మంగళవారమో బుధవారమో ఫోన్ చేసి, అరగంట కావాలని అడిగి వెళ్లు. అప్పుల కాగితం కూడా జేబులో పెట్టుకెళ్లు.